విరుదునగరం చేరని నూనె డబ్బాలు

నా చిన్నప్పుడు మా ఇంటి నుంచి తపాలాలో పంపిన మూడు నూనె డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి కనబడకుండా పోయాయి. మూడూ విరుదునగరంలో ఒకే ఇంటికి వెళ్లవలసినవి. వాటిని ఎవరు కాజేశారో ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. నాకప్పుడు పదేళ్లు. ఇంటి ఆడవాళ్లలో అరవం చదవడం, రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో, నాకు తెలియని సంగతి లోకంలో ఉంటుందని అనుకునేదాన్ని కాదు. నేను కనిపెట్టింది శుద్ధ తప్పని తేలడానికి ఒక శనివారం పట్టింది.

మాది కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే దారికి కాస్త లోపలగా ఉన్న నల్లరేగడి ఊరు. పత్తి, సజ్జ, మిరప వేసేవాళ్లం. వాన పడితే పంట, పడకపోతే ఆకాశం వంక చూపు. ఇంట్లో తెలుగు, వీధిలో అడుగు పెడితే అరవం. తెలుగు అక్షరాలు మా ఊళ్లో ఎవరికీ రావు. నేను కూడా పిల్లల తల్లినయ్యాకే నేర్చుకున్నాను.

మా మేనత్త పెళ్లైన మూడో ఏటే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో ఆమెను చూసి అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లట. ఆమె మాత్రం ఎవరి కోసమూ గొంతు తగ్గించలేదు. ఆమె నవ్వితే పెరట్లో కోళ్లు లేచి పరుగెత్తేవి. జుట్టు మోకాళ్ల దాకా ఉండేది. ఆ జుట్టు రహస్యం ఏమిటని పెళ్లిళ్లలో ఆడవాళ్లు అడిగీ అడిగీ, చివరకు ఆమె చేత తలనూనె కాయించారు. గానుగ నుంచి తెచ్చిన నువ్వుల నూనెలో గుంటగలగరాకు రసం, కరివేపాకు, మెంతులు వేసి సన్నని సెగ మీద కాచేది. దించాక వట్టివేళ్లు, మరువం వేసి ఏడు రోజులు ఎండలో పెట్టేది. మూత తీస్తే వాన పడిన మొదటి రోజు మా చేల మీద నుంచి వచ్చే వాసన, దానికి తోడు మరువం. అలాంటి వాసన నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఒక అరవ మాసపత్రికలో నాలుగు వరుసల ప్రకటన వేయించాక, ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు రాసాగాయి. మద్రాసు నుంచి, తిరుచ్చి నుంచి, మేము పేరైనా వినని ఊళ్ల నుంచి. నూనెను తగరపు డబ్బాలో పోసి, మూత చుట్టూ సీసంతో మాటు వేయించి, పైన గుడ్డ చుట్టి కుట్టేవాళ్లం. కుట్టడమూ చిరునామా రాయడమూ నా వంతు. ఎర్ర దారంతో కుట్టి, చివర కాకికాలు లాంటి ముడి వేసేదాన్ని. అది నా సంతకం అనుకునేదాన్ని. రిజిస్టరు చేయించడం మాత్రం మా నాయనకు ఇష్టం ఉండేది కాదు. సర్కారు తపాలా అంటే సర్కారే కదా, దానికి మళ్లీ కాపలా ఎందుకు అనేవాడు.

మా ఊరికి తపాలా తెచ్చే ముసలాయన కోవిల్‌పట్టి శివార్లలో ఉండేవాడు. ఆయన్ని మేము తపాలా తాత అనేవాళ్లం. మా ఊరు ఆయన వంతులో శుక్రవారం వచ్చేది. ఇక్కడొక చిక్కు ఉంది. శుక్రవారం నాడు మా ఇంట్లోంచి నూనె కాదు గదా, చిటికెడు ఉప్పైనా బయటికి ఇవ్వం. లక్ష్మి వెళ్లిపోతుందని మా అవ్వ పట్టింపు. అందుకని ఆ ముసలాయన మా డబ్బాల కోసమే గురువారం సాయంత్రం ఇంకొకసారి నడిచి వచ్చేవాడు. మా అరుగు మీద కూర్చుని ఒక చెంబు సజ్జ అంబలి తాగి, డబ్బాలు సంచిలో వేసుకుని పోయేవాడు. శుక్రవారం పొద్దున అవి కోవిల్‌పట్టి తపాలా ఆఫీసులో చేరేవి.

విరుదునగరం నుంచి ఉత్తరం రాసింది ఒక కొత్త కోడలు. వాళ్లదీ మన భాష మాట్లాడే ఇల్లే. విషజ్వరం వచ్చి తగ్గాక ఆమె జుట్టు గుప్పెళ్లుగా రాలిపోతోందట, భర్త చేత రాయించింది. అత్త వెంటనే డబ్బా పంపింది. రెండు వారాలకు, ఇంకా రాలేదని ఉత్తరం. అత్త ఒక్క మాటైనా అడగకుండా రెండో డబ్బా పంపింది. నాయన గొణిగితే, "రాలేదని చెప్పే మనిషిని, వచ్చినాదేమో బాగా చూడు అని అడిగేదా అన్నా? ముందు ఆ పిల్ల తలకు నూని కావల" అంది. రెండోదీ చేరలేదు. విరుదుపట్టికి విరుదునగరమని కొత్త పేరు వచ్చి కొన్నేళ్లే అయింది, అందుకే దారి తప్పుతోందేమోనని మా అవ్వ అనుమానం. మూడో దాని మీద నేను రెండు పేర్లూ రాశాను. అదీ చేరలేదు.

మూడోది చేరలేదన్న ఉత్తరాన్ని తెచ్చింది తపాలా తాతే. ఒక శుక్రవారం పొద్దున అంబలి చెంబు పక్కన పెట్టుకుని ఆయన అరుగు మీద కూర్చుని ఉండగా, నేను నిలబడి అందరికీ గట్టిగా చదివి వినిపించాను. చదవడం అయిపోయింది. నేను తల ఎత్తి, లెక్క తేల్చిన పంతులులాగా, "ఈ తాతే తీసుకుని ఉంటాడు" అన్నాను.

ఆయన కోప్పడలేదు. తలపాగా తీసి గుండు చూపించాడు. ఇత్తడి చెంబును చింతపండు పెట్టి తోమినట్టు మెరుస్తోంది. "ఈ తలకాయకు తలనూని ఏమిటికి పాపా?" అన్నాడు. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నన్ను చూసి నవ్వినట్టు అనిపించి నాకు ఒళ్లు మండింది. "మీ ఇంట్లో అవ్వకు జుట్టు ఉండాది గదా" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఆయన తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. అంబలి చెంబు అలాగే ఉంది. సంచి భుజాన వేసుకుని వీధి చివరి దాకా వెనక్కి చూడకుండా నడిచిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దవాళ్లు ఊరికే అనరు. కానీ ఆ పూట నాకు గెలిచినట్టే ఉంది.

నాయన నా పక్షమే వహించాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన లేచి వెళ్లిపోలేదా అన్నాడు. కోవిల్‌పట్టి తపాలా ఆఫీసుకు ఫిర్యాదు రాయడానికి కాగితం తెమ్మన్నాడు. ఆ కాగితం పోతే ఆ ముసలాయన ఉద్యోగం పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. రిజిస్టరు కాని పార్సెలుకు ఆయన దగ్గర రుజువేముంటుంది? ముప్పై ఏళ్లు ఎండలో నడిచిన మనిషికి చివరకు దొంగ అన్న పేరొక్కటే మిగులుతుంది.

అత్త కలం పట్టుకున్న నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క వారము ఓర్చుకో అన్నా. కాగితము రేపైనా రాయొచ్చు. పని పోయినాక తిరిగి ఇచ్చేది మన చేత అవుతాదా?" అంది. నాయన ససేమిరా అన్నాడు. అప్పుడామె నెమ్మదిగా వేళ్లు మడిచి చూపించింది. మద్రాసు డబ్బాలు ఆయన చేతి మీదుగానే పోయాయి, చేరాయి. తిరుచ్చివీ చేరాయి. దొంగకు ఒక్క విరుదునగరం పిల్ల డబ్బా మీదే కన్నా? పోయిన వస్తువు ఉండటానికి మూడే చోట్లు, బయలుదేరిన ఇల్లు, నడిచిన దారి, చేరే ఇల్లు. మనం రెండింటినే వెతికాం, మూడోదాన్ని ఎవరూ చూడలేదు అంది. నాయన కాసేపు మీసం నలుపుకుని, సరే, వారమే అన్నాడు.

ఆ గురువారం తపాలా తాత వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. కూర్చోలేదు, అంబలి వద్దన్నాడు, నాలుగో డబ్బా తీసుకుని వెళ్లాడు. ఆయన మలుపు తిరిగాక అత్త నాతో, ఆ డబ్బా వెనకాలే శనివారం నువ్వూ నేనూ విరుదునగరం పోతున్నాం, మాట విసిరినదానివి నువ్వు కాబట్టి వెతకవలసిందీ నువ్వే అంది. రైలు ఎక్కడం నాకదే మొదలు. నేను చేసిన తప్పుకు ఇంత మంచి శిక్ష ఉంటుందని ఊహించలేదు.

శనివారం తెల్లవారకముందే బండి కట్టించుకుని కోవిల్‌పట్టికి వచ్చి రైలెక్కాం. సాత్తూరు దాటేసరికి తెచ్చుకున్న పులిహోర మూట ఖాళీ అయింది. పత్తి చేలు పరుగెత్తడం చూసి నేను అరిచిన అరుపులకు పెట్టెలో వాళ్లంతా నన్నే చూశారు. విరుదునగరం స్టేషనులో దిగగానే మిరపకాయల బస్తాల ఘాటు ముక్కుకెక్కింది. అత్తా నేనూ వంతులు వేసుకుని తుమ్ముతూ బయటపడ్డాం. ఊరికి మనం వచ్చినట్టు తెలిసిపోయిందిలే అంది అత్త, పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఆ వీధి పేరు చెప్పి దారి అడిగితే, శివుడి కోవెల పక్క వీధే అన్నారు. ముక్కూ మొహమూ తెలియని ఇంటికి వెళ్లబోయే ముందు దేవుడికి దండం పెట్టుకుని పోదామని అత్త లోపలికి నడిచింది. శనివారం కదా, నవగ్రహాల మూలలో శనీశ్వరుడి ముందు జనం నువ్వుల నూనె దీపాలు పెడుతున్నారు. అలాంటి మూలలో పిడకలు దాచిన గదిలాంటి వాసన ఉంటుందని నాకు మా వైపు కోవెలల అనుభవం. ఇక్కడ మాత్రం ఒక అడుగు వేసేసరికి అత్త టక్కున నిలబడిపోయింది. ముక్కు ఎగబీల్చింది. నా వంక చూసింది. నాకూ తెలిసిపోయింది. వట్టివేళ్లు, మరువం. మా పెరటి వాసన శనీశ్వరుడి దగ్గర నుంచి వస్తోంది.

అత్త పూజారిని అరవంలో అడిగింది, ఇంత మంచి వాసన ఎక్కడిదని. ఆయన మురిసిపోయాడు. పక్క వీధి పెద్దావిడ ఒకరు కొన్నాళ్లుగా డబ్బాడు నూనె పంపుతున్నారనీ, ఇప్పటికి మూడు డబ్బాలు వెలిగించామనీ చెప్పాడు. ఇదివరకు శనీశ్వరుడికి దండం పెట్టి జనం వెనక్కి చూడకుండా పారిపోయేవాళ్లు, ఇప్పుడు ఇక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు, నేనే లేపి పంపవలసి వస్తోంది అన్నాడు. అత్త పెదవులు బిగబట్టుకుంది.

అదే సమయానికి ఒక ముసలావిడ లోపలికి వచ్చింది. బరువైన నగలకు చెవి తమ్మెలు భుజాల దాకా సాగి ఉన్నాయి. వెనక పాలేరు ఒక మూటను ఒంటికి తగలకుండా చేయి చాపి పట్టుకుని వస్తున్నాడు. తెల్ల గుడ్డ, ఎర్ర దారం, చివర కాకికాలు ముడి. నా కుట్టే. నేను అరవబోతే అత్త నా నోరు మూసింది.

ముసలావిడ పాలేరుతో తెలుగులో మాట్లాడటం విని, అత్త దగ్గరికి వెళ్లి, పెద్దమ్మా, ఈ నూనె ఎక్కడిదని మర్యాదగా అడిగింది. మన భాష విన్న సంతోషంలో ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి గుండెలోదంతా చెప్పింది.

"శనారము పొద్దున నూని గడప ఎక్కొచ్చునా తల్లీ? మా అత్తగారి కాలము నుంచి మా ఇంట్లో ఆ వాడుకే లేదు. ఎవురో మా కోడలి పేరు పెట్టి, పనిగట్టుకుని శనారమే వచ్చేటట్ట, తపాల్లో మా ఇంటికి శనిని పంపిస్తా ఉండారు. పిల్ల ముందే జరములో పడి లేసినాది. చెప్తే బయపడతాదని చెప్పలేదు. తపాల్‌కారుడు అరుగు మీద పెట్టిపోతే, అట్టే తెచ్చి, దాని పేరనే దీపము పెట్టిస్తా ఉండా. ఆ దేవునిది ఆ దేవునికే ఇచ్చేస్తి."

అత్త అంతా విని, రెండు చేతులూ జోడించి, "ఆ శనిని పంపించినది నేనే పెద్దమ్మా" అంది.

ఆ తర్వాత ఆమెకు నవ్వు ఆగలేదు. స్తంభం పట్టుకుని, వంగి, కళ్ల నీళ్లు కారేలా నవ్వింది. పావురాలు ఎగిరిపోయాయి. నేను మా ఊరు, నూనె, ఉత్తరాలు, కాకికాలు ముడి, అన్నీ గుక్క తిప్పుకోకుండా ముసలావిడకు చెప్పాను. ఆవిడ బుగ్గన చేయి పెట్టుకుని వింది. మెల్లగా ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. చివరకు ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని శనీశ్వరుడి ఎదుట అలా నవ్వుతూ కూర్చుంటే, పూజారి ఏమనాలో తెలియక హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.

నవ్వు తగ్గాక అత్త తల కొట్టుకుంది. శుక్రవారం మా గడప దాటకూడదని గురువారమే పంపాం, అది శనివారం వాళ్ల గడప ఎక్కుతుందని ఒక్కనాడూ ఆలోచించలేదు అంది. శనివారం మా ఇంట్లో కూడా ఎవరూ నూనె కొనరు మరి. మద్రాసు, తిరుచ్చి డబ్బాలు దూరం పోవాలి గనుక, ఆదివారం సెలవు దాటుకుని సోమవారం చేరి బతికిపోయాయి.

నాలుగో డబ్బాను కూడా దేవుడి దగ్గరే వదిలి ముసలావిడ మమ్మల్ని ఇంటికి తీసుకుపోయింది. వంటింట్లో ఉన్న కోడలిని పిలిచి, నీ తలనూనె నేనే కాల్చేశానమ్మా అని తనే చెప్పింది. అత్తగారికి చెప్పకుండా నూనెకు రాయించిన ఆ అమ్మాయి ముందు తెల్లబోయింది. దీపాలు తన పేరనే పెట్టించిందని తెలిశాక అత్తగారి భుజం మీద తల వాల్చేసింది. ఆ పూట మాకు గారెలు, పెరుగు పచ్చడి, బెల్లం పాయసం. నూనె ఖరీదు ఇస్తామంటే, ఆ నాలుగూ దేవుడు వాడుకున్నవి, ఆయన దగ్గర వసూలు చేసుకుంటానని అత్త ఒప్పుకోలేదు.

తిరుగు రైలులో నేను ఊరంతా ఈ కథ ఎలా చెప్పాలా అని తయారుచేసుకుంటున్నాను. కోవిల్‌పట్టిలో ఇంకా ఎండ ఉండగానే దిగాం. అత్త బండి దగ్గరికి పోకుండా శివార్ల వైపు తిరిగింది. ఎక్కడికని నేను అడగలేదు, నాకు అర్థమైంది. ఆమె వెనకే నడిచాను.

తపాలా తాత ఇంటి ముందు నులక మంచం మీద చెప్పులు బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. నేను ఆమె జుట్టు వైపు చూడలేక నేల చూశాను. ఆమె నా గడ్డం పట్టుకుని, చిరునామాలు రాసే పాప నువ్వేనా, నీ చేతిరాత ముత్యాలని మా ఆయన ఎప్పుడూ చెప్తాడు అని, బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. అప్పుడు తెలిసింది, నేను అన్న మాట ఆయన ఇంట్లో చెప్పలేదని. ఆ బెల్లం నేను నోట్లో పెట్టుకోలేకపోయాను.

అత్త జరిగినదంతా చెప్పింది. ఆయన చిన్నగా నవ్వాడు, అంతే. ఇకమీద డబ్బాలు గురువారమే మా ఇల్లు దాటాలి గానీ శనివారం దాకా తపాలా ఆఫీసుకు పోకూడదు, అప్పుడు విరుదునగరానికి సోమవారం చేరుతాయి అని అత్త వివరించింది. ఆ రెండు రోజులూ వాటిని ఎక్కడ పెట్టాలో అడగమని నా వీపు మీద చేయి వేసింది.

నేను అడిగాను. "తాతా, వారము వారము మా డబ్బాలు మీ ఇంట్లో పెట్టుకుంటావా" అన్నాను.

ఆయన నా ఎత్తుకు వంగి, "పాపకు సమ్మతమేనా?" అని అడిగాడు.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. నా మాటకు తన ఇంటి గుమ్మం దగ్గర అంత విలువ ఇచ్చాడు. నేను ఏడుస్తూ తల ఊపాను. ఆయన నా తల నిమిరి, లోపల గూట్లో ఎక్కడ పెడితే ఎలుకలు అందుకోలేవో చూపించడానికి నన్ను తీసుకెళ్లాడు. మరుసటి గురువారం మా అరుగు మీద కూర్చుని రెండు చెంబుల అంబలి తాగాడు. నాయన తనే పోశాడు, మాటల్లో క్షమాపణ చెప్పడం ఆయనకు రాదు.

ఆ తర్వాత పన్నెండేళ్లు అత్త నూనె పంపింది, రిజిస్టరు చేయించే పంపింది. డబ్బాలు మళ్లీ తప్పిపోకపోలేదు. ఒకటి మాటు ఊడి కారిపోయింది, ఒకటి ఇల్లు మారిన వాళ్ల పాత ఇంట్లో దొరికింది, ఒకటి ఏమైందో నేటికీ తెలియదు. ప్రతిసారీ ముందు ఇంకొకటి పంపేది, తర్వాత చేరవలసిన ఇంటి నుంచి వెనక్కి వెతుక్కుంటూ వచ్చేది. ఎవరి పేరూ ఎత్తేది కాదు.

నేను ఆమె అంత మంచిదాన్ని కాలేదు. ఈ వయసులో కూడా ఇంట్లో ఒక వస్తువు కనబడకపోతే, నాకు ముందుగా తోచేది ఒక మనిషి పేరే. పనిమనిషి, కోడలు, పక్కింటి పిల్ల, ఎవరో ఒకరు. నాలుక చివరి దాకా వస్తుంది. అప్పుడు ఆ ముసలాయన నా ముందు వంగి, నీకు సమ్మతమేనా అని అడుగుతాడు. నేను నోరు మూసుకుని లేచి వెతకడం మొదలుపెడతాను.